మోరీలో కొట్టుకుపోతున్న యూరియా: మన చెరువులు పచ్చబడకుండా ఆపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ముందు ఒక లెక్క చూడండి. మనలా అన్నం, పప్పు తినే ఒక మనిషి మలమూత్రాల్లో ఏడాదికి రెండున్నర నుంచి మూడు కిలోల దాకా నత్రజని, దాదాపు 400 గ్రాముల భాస్వరం బయటికి పోతాయి. నలుగురున్న ఇంటికి ఏడాదికి సుమారు 11 కిలోల నత్రజని అన్నమాట. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20 కిలోల పైచిలుకు. అంటే ప్రతి ఇంటి నుంచి ఏడాదికి సగం బస్తా యూరియా, దాంతోపాటు ఏడెనిమిది కిలోల డీఏపీలో ఉండేంత భాస్వరం మోరీలోకి పోతోంది. 500 ఇళ్ల కాలనీకి లెక్క కట్టండి, 250 బస్తాల యూరియా. ఒక్క బస్తా కోసం రైతులు తెల్లారకముందే సొసైటీ ముందు పాస్‌బుక్కులు వరుసలో పెట్టి నిలబడే జిల్లాలు మనవి. అదే ఎరువు మన కాలనీల నుంచి నాలాలో పడి చెరువుకు చేరుతోంది, చెరువును పాడుచేస్తోంది.

చెరువు పచ్చబడటం గురించి మాట్లాడినప్పుడల్లా చర్చ గుర్రపుడెక్క తీయడం దగ్గరే ఆగిపోతుంది. మిషన్ పెట్టి తీస్తారు, ఫొటోలు వస్తాయి, మళ్లీ వానాకాలం దాటేసరికి చెరువు నిండా పరుచుకుని ఉంటుంది. వెచ్చటి నీళ్లలో మేత దొరికితే అది ఒకటి రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది కాబట్టి ఎంత తీసినా చాలదు. దాని మేత మన మురుగునీళ్లలో ఉంది. మేత బంద్ చేయకుండా డెక్క ఎంత తీసినా ఖర్చే తప్ప ఫలితం ఉండదు. ఆ మేతను ఎక్కడెక్కడ, ఎట్లా ఆపవచ్చో ఇంటి నుంచి చెరువు దాకా వరుసగా చెప్తాను. కొన్ని పనులు మీరే చేసుకోవచ్చు, కొన్ని కాలనీ అంతా కలిస్తేనే అవుతాయి, కొన్ని కార్పొరేషన్ చేత చేయించాలి.

చెరువులో అసలేం జరుగుతుంది

పొలంలో పైరుకు ఏది బలమో నీళ్లలో నాచుకూ అదే బలం. నత్రజని, భాస్వరం అందితే నాచు పెరుగుతుంది. చెరువుల్లో ఎక్కువసార్లు పగ్గం భాస్వరం చేతిలోనే ఉంటుంది. ఒక గ్రాము భాస్వరం దొరికితే ఎండు బరువులో వంద గ్రాముల దాకా నాచు పెరగగలదు. పగలు ఎండ ఉన్నంతసేపు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రిపూట తిరిగి అదే పీల్చుకుంటుంది. చచ్చి కుళ్లేటప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. రెండు మూడు రోజులు వరుసగా మబ్బు పడితే పొద్దున్నే చేపలు తెల్లగా తేలుతాయి. ఎవరో విషం కలిపారని ఊళ్లో గొడవ మొదలవుతుంది. చాలాసార్లు ఎవరూ ఏమీ కలపరు, చేపలకు గాలి అందదు, అంతే. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు విషం కూడా వదులుతాయి, ఆ నీళ్లు తాగిన పశువులకు ప్రమాదం.

మనకు ఇంకో చిక్కు ఉంది. కాకతీయుల కాలం నుంచి వచ్చినవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకే వస్తాయి. పైనున్న కాలనీ మురుగు ఆ కాలనీ దగ్గరే ఆగదు, వాగు వెంట దిగువనున్న ఊళ్ల దాకా పోతుంది. బాగు చేయడం ఎప్పుడూ పైనుంచి మొదలుపెట్టాలి, కింది చెరువు దగ్గర ఎంత ఖర్చుపెట్టినా పై మురుగు దిగుతూనే ఉంటుంది.

సెప్టిక్ ట్యాంక్: మన సిటీలో అసలు సంగతి ఇక్కడే ఉంది

హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో ఎక్కువ ఇళ్లకు ఇప్పటికీ సెప్టిక్ ట్యాంకే దిక్కు. కాబట్టి మొట్టమొదట చేయాల్సిన పని, మీ ట్యాంక్ నుంచి బయటికి వచ్చే పైపు ఎక్కడికి పోతుందో చూడటం. చాలా ఇళ్లలో అది గోడ పక్కన మోరీలోకి తెరుచుకుని ఉంటుంది. ఆ పైపు మూతి దగ్గర ఒకసారి వంగి చూడండి, సిమెంట్ మీద నల్లగా జిగురు పట్టి ఉంటుంది, దాని చుట్టూ పచ్చటి పాచి, కొంచెం దూరం పోయాక నీళ్లలో బూడిదరంగు పోగులు వేలాడుతుంటాయి. పక్కింటి స్నానాల నీళ్లు మాత్రమే పోయే పైపు దగ్గర అంత పాచి కనిపించదు. తేడా మీకే తెలిసిపోతుంది.

సెప్టిక్ ట్యాంక్ మీద మనకున్న నమ్మకం దాని పనికి మించింది. అది గట్టి పదార్థాన్ని అడుక్కు దించుతుంది, కొంత కుళ్లబెడుతుంది. నత్రజనిలో నూటికి ఎనభై పాళ్లు మూత్రంలోనే ఉంటుంది, అది నీళ్లలో కరిగే ఉంటుంది, ట్యాంక్‌లో ఆగదు. భాస్వరం కూడా సగానికి పైగా కరిగిన రూపంలోనే బయటికి వచ్చేస్తుంది. ట్యాంక్ ఎంత బాగా కట్టినా దాని నుంచి వచ్చే నీళ్లు శుభ్రమైన నీళ్లు కావు. అందుకే మన భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 కూడా ఆ నీళ్లను ఇంకుడు గుంత లాంటి దాంట్లోకి పంపమంటుంది, మోరీలోకి కాదు.

ట్యాంక్‌ను రెండు మూడేళ్లకు ఒకసారి తోడించాలి. "మాది పదిహేనేళ్లుగా నిండలేదు" అని గొప్పగా చెప్పేవాళ్లు కనిపిస్తారు. నిండకపోవడం అంటే అడుగున పేరుకున్నది పేరుకున్నట్టే మోరీలోకి తోసుకుపోతోందని, లేదంటే అడుగు పగిలి భూమిలోకి దిగుతోందని అర్థం. పరీక్ష చేయడం తేలికే. పొడుగాటి వెదురు కర్రకు తెల్లటి పాత గుడ్డ చుట్టి, మూత తీసి, అడుగు తగిలేదాకా మెల్లగా దించి, కాసేపు ఆగి పైకి తీయండి. గుడ్డ మీద నల్లగా చిక్కగా అంటుకున్న ఎత్తు ఎంతో చూడండి. నీళ్ల లోతులో మూడో వంతు దాటితే ట్యాంకర్‌ను పిలవాల్సిందే. మూత తీసిన చోట బీడీ, అగ్గిపుల్ల వద్దు, మొహం దగ్గర పెట్టి వంగొద్దు, ఆ వాయువుకు ప్రాణాలు పోతాయి. ఎంత తొందరైనా, ఎవరు "నేను దిగుతా" అన్నా, మనిషిని మాత్రం లోపలికి దింపొద్దు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం. చట్టం సంగతి అటుంచినా, ఒక ఇంటి మనిషిని మన ట్యాంక్ కోసం పోగొట్టుకునే హక్కు మనకు లేదు.

ట్యాంకర్ వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: ఇది ఎక్కడ ఒంపుతారు? మన కార్పొరేషన్ 2016లోనే మలవ్యర్థాల నిర్వహణకు నిబంధనలు పెట్టింది, దేశంలో ఆ పని ముందుగా చేసిన నగరాల్లో మనదొకటి. అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం ఉంది. ట్యాంకర్ అక్కడికే పోవాలి. ఊరి బయట వాగులోనో, ఖాళీ ప్లాటులోనో వదిలేస్తే మీరు ఇచ్చిన డబ్బులతో మీ మురుగును ఇంకో చెరువులో పోయించినట్టే. లైసెన్స్ ఉన్న ట్యాంకర్‌నే పిలవండి, రసీదు తీసుకోండి. వంద రెండొందలు తక్కువకు వస్తాడని తెలియని బండిని పిలవొద్దు.

ఇంకో సంగతి, డాబా మీది వాన నీళ్ల పైపును సెప్టిక్ ట్యాంక్‌లో కలపకండి. జోరు వానకు అడుగున ఉన్నదంతా కలియబడి ఒక్కసారిగా బయటికి పోతుంది. యాసిడ్, ఫినాయిల్ బకెట్లకొద్దీ పోయడం కూడా మానండి, లోపల కుళ్లబెట్టే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి.

ట్యాంక్ తర్వాత నీళ్లను ఎటు పంపాలి

స్థలం ఉన్న ఇంటికి ఇంకుడు గుంత. మీటరు వెడల్పు, పైపు వచ్చే మట్టానికి కింద కనీసం మీటరు లోతు, ఇటుకలను సందులు వదిలి పేర్చిన గోడ లేదా పెద్ద కంకర నింపడం, పైన మూత. ఇది కనీస కొలత. పెద్ద కుటుంబానికి, గట్టి నేలకు ఇంకా పెద్దది కావాలి. తవ్వే ముందు ఒక చిన్న గుంత తీసి రాత్రంతా నీళ్లు పోసి నానబెట్టి, పొద్దున మళ్లీ నింపి గంటలో ఎంత దిగిందో చూడండి. మొరం, ఎర్ర చెలక నేలలో బాగా ఇంకుతుంది. నల్లరేగడిలో, గుట్టల పక్కన నాలుగడుగులకే బండ తగిలే చోట్ల ఇంకదు, బలవంతంగా పెడితే వానాకాలం ఉబికి పైకి వస్తుంది.

ఇంకుడు గుంతతో ఒక జాగ్రత్త తప్పనిసరి. మట్టి భాస్వరాన్ని పట్టుకుంటుంది గానీ నత్రజని నైట్రేట్‌గా మారి భూగర్భజలంలోకి దిగుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటితే పసిపిల్లలకు మరీ ప్రమాదం. కాబట్టి బావికి, బోరుకు కనీసం 60 అడుగుల దూరం ఉండాలి. గుంత అడుగుకూ వానాకాలపు నీటిమట్టానికీ మధ్య ఆరేడడుగుల పొడి నేల ఉండాలి. ఇరవై గజాలకో బోరు ఉన్న కాలనీల్లో ఇంటింటికీ ఇంకుడు గుంత పెట్టమని నేను చెప్పను. అక్కడ పని ఇంకోలా చేయాలి.

ఆ ఇంకో దారి మొక్కల కంకర మడి. ఒక వీధి ఇళ్లన్నీ కలిసి, పార్కు మూలలోనో నాలా పక్క జాగాలోనో కట్టుకోవచ్చు. రెండడుగుల లోతు మడి తవ్వి, నీళ్లు కిందికి దిగకుండా మందపాటి ప్లాస్టిక్ షీటో సిమెంటో వేసి, కంకర నింపి, మెట్టతామర, జమ్ము నాటాలి. ట్యాంక్ నుంచి వచ్చే నీళ్లు ఒక చివర చేరి, కంకర పైకి కనిపించకుండా లోపల్లోపలే పారి, నాలుగైదు రోజులకు ఇంకో చివర బయటికి రావాలి. నీళ్లు పైకి తేలవు కాబట్టి దోమలు పెరగవు, ముందు కాలనీవాళ్లను ఒప్పించడానికి ఈ మాట ఒక్కటే ఎక్కువ పనికొస్తుంది. మన ఎండలకు మనిషికి ఒకటి రెండు చదరపు మీటర్ల లెక్కన మడి సరిపోతుంది. నత్రజని మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. భాస్వరం మొదటి ఏళ్లలో బాగా తగ్గుతుంది, కంకర నిండాక తగ్గుదల పడిపోతుంది. అందుకే పెరిగిన మొక్కలను ఏటా కోసి బయటికి తీసుకుపోవాలి, అక్కడే పడేస్తే మళ్లీ అదే నీళ్లలోకి. ట్యాంక్‌లో గట్టి పదార్థం దిగకుండా నేరుగా ఈ మడిలోకి వదిలితే ఏడాది తిరక్కముందే కంకర పూడుకుపోతుంది, ట్యాంక్ తోడించని ఇళ్లను ముందు తోడించుకోమనండి, ఆ తర్వాతే కలపండి.

వంటింటి నుంచి, మిద్దెతోట నుంచి

ఇది చిన్న భాగమే, చకచకా చెప్పేస్తాను. అన్నం మెతుకులు, పప్పు, కూర మిగిలినవి సింక్‌లోకి తోయకుండా తడి చెత్తలో వేయండి. బియ్యం కడిగిన నీళ్లు చెట్లకు పోయండి, దగ్గర్లో బర్రెలున్న ఇల్లుంటే కుడితికి ఇవ్వండి. బట్టల పౌడర్ కొనేటప్పుడు ఫాస్ఫేట్ లేదని ప్యాకెట్ మీద రాసినది తీసుకోండి, మిషన్‌లో గిన్నె నిండా పోయక్కర్లేదు. మిద్దెతోట ఉన్నవాళ్లు, కుండీలో డీఏపీ గుప్పెడు గుప్పెడు వేసి, కింది నుంచి గోధుమరంగు నీళ్లు కారి డాబా పైపులోంచి రోడ్డు మీదికి పారేదాకా తడిపితే, మొక్కకు పోయింది తక్కువ, మోరీకి పోయింది ఎక్కువ. కుండీ కింద పళ్లెం పెట్టి ఆ నీళ్లు మళ్లీ మొక్కకే పోయండి.

అపార్ట్‌మెంట్లకు ఎస్టీపీ ఉంటే

కొత్త అపార్ట్‌మెంట్లలో ఎస్టీపీ, అంటే సొంత మురుగు శుద్ధి కేంద్రం, కట్టి చూపిస్తారు. అసోసియేషన్ మీటింగ్‌లో దాని గురించి అడిగితే "బీఓడీ బాగానే వస్తోంది" అంటారు. బీఓడీ అంటే నీళ్లలో కుళ్లే పదార్థం ఎంతుందో చెప్పే కొలత, అది తగ్గినంత మాత్రాన నత్రజని, భాస్వరం తగ్గినట్టు కాదు. ల్యాబ్‌కు శాంపిల్ పంపేటప్పుడు మొత్తం నత్రజని, మొత్తం భాస్వరం కూడా కొలవమని రాసివ్వండి. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మురుగు శుద్ధి కేంద్రాలకు చెప్పిన ప్రమాణాల్లో మొత్తం నత్రజని లీటరుకు 10 మిల్లీగ్రాములు, చెరువుల్లోకి వదిలే నీళ్లకు భాస్వరం 1 మిల్లీగ్రాము ఉన్నాయి. శుద్ధి కాని మురుగులో ఇవి దానికి ఎన్నో రెట్లు ఉంటాయి.

ఎస్టీపీ ఆపరేటర్‌తో మాట్లాడటానికి ఈ కాస్త తెలిస్తే చాలు. బ్లోయర్ గాలి కొడుతున్నప్పుడు సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తాయి. నత్రజని రూపం మారింది గానీ పోలేదు. గాలి లేని ట్యాంక్‌లోకి ఆ నీళ్లను తిప్పి పంపితే వేరే రకం సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. చాలా చోట్ల ఆ రెండో ట్యాంక్ ఉంటుంది, తిప్పి పంపే పంపు మాత్రం కాలిపోయి మూలకు పడి ఉంటుంది. దాన్ని బాగు చేయిస్తే పెద్ద ఖర్చు లేకుండా సగం పని అవుతుంది. భాస్వరానికి ఇలా గాలిలోకి పోయే దారి లేదు, అది బురదతోనే బయటికి పోవాలి. ఎక్కువున్న చోట పటిక లాంటివి కలిపి దింపుతారు. ఆ బురదను వారాల తరబడి తీయకుండా ఉంచితే భాస్వరం తిరిగి నీళ్లలోకి వదులుతుంది, కాబట్టి బురద ఎప్పుడెప్పుడు తీశారో, ఎక్కడికి పంపారో రిజిస్టర్ అడిగి చూడండి. శుద్ధి చేసిన నీళ్లను ఫ్లష్‌కు, చెట్లకు వాడుకోవడం అన్నిటికన్నా మేలు. చెట్టు ఆ నత్రజనిని వాడేసుకుంటుంది, నాలాకు ఏమీ పోదు.

వాన నీళ్లతో వచ్చేది

మురుగు ఏడాదంతా పోతుంది. వాన నీళ్లు నాలుగు నెలలే అయినా, ఎండాకాలం అంతా రోడ్డు మీద పేరుకున్నదాన్ని ఒకటి రెండు వానల్లో ఊడ్చుకుపోతాయి. తొలకరికి నాలాలో నల్లగా నురగతో వచ్చే మొదటి నీళ్లు చూసే ఉంటారు, పేడ, ఆకులు, దుమ్ము, మోరి అడుగున కుళ్లిన బురద అన్నీ అందులోనే. అందుకని ఈ పనులన్నీ మే నెలాఖరుకు అయిపోవాలి.

పూడిక తీత దగ్గర మొదలుపెడదాం. మోరి తీస్తారు, తీసిన బురదను పక్కనే కుప్ప పోస్తారు. ఆరాక ఎత్తుకుపోతామంటారు. రెండు రోజులకు పైన తెల్లగా పెచ్చు కడుతుంది, లోపల ఇంకా నల్లగానే ఉంటుంది, ఆటోలు తొక్కి కొంత రోడ్డు మీదికి పరుచుకుంటుంది, ఇంతలో వాన పడి ఎక్కణ్నుంచి తీశారో అక్కడికే పోతుంది. తీసిన పని మొత్తం వృథా. కాబట్టి మీ వీధిలో మోరి తీసే రోజే ట్రాక్టర్ వచ్చేట్టు పట్టుబట్టండి. మా అనుభవంలో, శానిటరీ జవాన్‌కు ముందు రోజు ఫోన్ చేసి "రేపు మా గల్లీలో తీస్తున్నారట, బండి కూడా వస్తుందా అన్నా" అని అడిగితే చాలాసార్లు వస్తుంది. తీసినాక కుప్ప మీద ఫిర్యాదు చేస్తే చాలాసార్లు రాదు.

ఆకుల గురించి మనం అసలు పట్టించుకోం. ఆకు నీళ్లలో నానితే టీ ఆకులా దానిలోని భాస్వరం దిగిపోతుంది. అమెరికాలోని మాడిసన్ నగరంలో 2016లో అచ్చైన ఒక అధ్యయనంలో, ఆకు రాలే కాలంలో వీధుల్లో ఆకులను వాన పడకముందే ఎత్తేస్తే వాన నీళ్లలో మొత్తం భాస్వరం 84 శాతం, నత్రజని 74 శాతం తగ్గాయని తేలింది. అక్కడి చెట్లు, వానలు వేరు. మనకు ఆ శాతాలే వస్తాయని కాదు. కానీ మన కానుగలు, వేపలు మాఘ ఫాల్గుణాల్లో రాల్చిన ఆకు మోరి మూతి మీద గుట్టగా పడి ఉండటం, తొలకరికి కుళ్లి నల్లబడి పోవడం ఏటా చూస్తున్నదే. ఊడ్చి కంపోస్ట్ గుంతలో వేయండి. తగలబెట్టొద్దు. కాలిస్తే నత్రజని గాలిలోకి పోతుందేమో గానీ భాస్వరం బూడిదలోనే ఉంటుంది, ఆ బూడిద మొదటి వానకే మోరీలోకి పోతుంది, మధ్యలో పొగ మన ఊపిరితిత్తుల్లోకి.

పశువుల కొట్టాల సంగతి చెప్పడం కొంచెం ఇబ్బందే, ఎందుకంటే పాలు మనకే పోస్తున్నారు. నగరం అంచున నాలా ఒడ్డునే కొట్టాలు పెట్టి, పొద్దునా సాయంత్రం పైపు పెట్టి పేడంతా నాలాలోకి కడిగేస్తుంటారు. ఒక బర్రె రోజుకు పది పదిహేను కిలోల పేడ వేస్తుంది, పది బర్రెలంటే రోజూ క్వింటాల్‌కు తక్కువ కాదు. వాళ్లతో తగువు పెట్టుకుంటే పని కాదు. ముందు పారతో ఎత్తి, ఆ తర్వాతే నీళ్లు కొట్టమని అడగండి. దీనికి పైసా ఖర్చు లేదు, పైగా నీళ్లు మిగులుతాయి. ఎత్తిన పెంటకు చుట్టుపక్కల ఊళ్ల రైతులు ట్రాక్టర్ కట్టి తీసుకుపోతారు, కూరగాయలు పండించే ఒకరిద్దరు రైతులను ఆ కొట్టం వాళ్లకు కలపడం మీరు చేయగలిగిన మంచి పని.

రోడ్డు పక్క ఖాళీ జాగాను రోడ్డుకన్నా అరడుగు పల్లంగా ఉంచి, గట్టు రాయికి అక్కడక్కడ సందు వదిలి, గడ్డి, మొక్కలు పెంచితే వాన నీళ్లు అందులోకి దిగి ఇంకుతాయి. మనం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా కడతాం, మట్టిని ఎత్తుగా పోసి చుట్టూ గోడ కట్టి మధ్యలో మొక్కలు పెడతాం, వాన పడితే ఆ మట్టే రోడ్డు మీదికి కారుతుంది. కాలనీ పార్కుకు కొత్తగా ఎస్టిమేట్ వేస్తున్నప్పుడే ఈ మాట చెప్పాలి, కట్టాక మార్చరు. డాబా నీళ్లకు మాత్రం ఇంటింటికీ వేరే ఇంకుడు గుంత ఉండాలి, అవి శుభ్రమైన నీళ్లు, బోరు పక్కనే ఇంకినా మంచిదే.

2020 ఆగస్టులో, 2023 జూలైలో వరదలకు కాలనీలకు కాలనీలే మునిగాయి. సమ్మయ్యనగర్, ఎన్టీఆర్ నగర్, హంటర్ రోడ్డు వాళ్లకు చెప్పక్కర్లేదు. మునిగిన ఇంటి సెప్టిక్ ట్యాంక్‌లోని సరుకంతా వరద నీళ్లలో కలుస్తుంది. లోతట్టు కాలనీల్లో ఉన్నవాళ్లు వానలకు ముందే ట్యాంక్ తోడించి, మూత సందులు సిమెంట్‌తో మూసి, బయటికి పోయే పైపుకు నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టించండి.

నాలా చెరువులో కలిసే చోట

ఇళ్ల దగ్గర ఎంత ఆపినా కొంత వస్తూనే ఉంటుంది. బొందివాగు లాంటి పెద్ద నాలా చెరువులో కలిసే చోట ముందు ఒక చిన్న కుంట, దాని తర్వాత జమ్ము, తుంగ పెరిగిన పల్లపు నేల ఉంటే, బురద మొదటి దాంట్లో దిగుతుంది, మిగిలినది మొక్కల మధ్య మెల్లగా పారి చెరువుకు చేరుతుంది. పాత చెరువులకు నీళ్లు వచ్చే వైపు శికం భూముల్లో, అంటే చెరువు నిండితే మునిగే నేలల్లో, ఈ జమ్ము తనంతట తానే ఉండేది. అది ఆక్రమణల్లో పోయిన చోట చెరువుకు అడ్డం లేకుండా పోయింది. ఉన్నచోట దాన్ని చెత్త పొద అని చదును చేయకండి, పక్కకు కంచె వేసి కాపాడండి. మొదటి కుంటను రెండేళ్లకోసారైనా తోడాలి, తోడేందుకు జేసీబీ దిగే ర్యాంపు కట్టినప్పుడే పెట్టించాలి.

గుర్రపుడెక్క విషయానికొస్తే, తీయడం తప్పు కాదు, తీసి గట్టు మీద వదిలేయడం తప్పు. ఆ డెక్క నీళ్లలోని నత్రజని, భాస్వరాన్ని తాగి పెరిగింది. గట్టు మీద కుళ్లితే ఆ రసం తిరిగి చెరువులోకే దిగుతుంది. వారంలోపు ఎత్తి కంపోస్ట్‌కు తరలించాలి. మందు కొట్టి చంపడం మరీ చెడ్డది, చచ్చిన డెక్క మునిగి, కుళ్లి, ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేస్తుంది.

పూడికకూ ఇదే సూత్రం. పూడిక తీయడానికి 2024 చివర్లో భద్రకాళి చెరువును ఖాళీ చేయడం మొదలుపెట్టారు. పూడికలో ఏళ్ల తరబడి చేరిన భాస్వరం ఉంటుంది, అడుగున ఆక్సిజన్ అయిపోయినప్పుడు అది తిరిగి నీళ్లలోకి వదులుతుంది, కాబట్టి తీయడం అవసరమే. పై నుంచి మురుగు ఆగకపోతే మాత్రం తీసిన చోటే మళ్లీ చేరుతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఊరి చెరువుల మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు, మంచి పని. నగరం మధ్య చెరువు మట్టిని మాత్రం సీసం, కాడ్మియం లాంటి లోహాలకు పరీక్ష చేయించకుండా తిండి పంటల పొలాలకు వేయొద్దు.

బతుకమ్మ పూల గురించి ఒక్క మాట. ఏటా పండుగ తర్వాత పూల వల్లే చెరువు పాడవుతోందని కొందరు అంటారు. గునుగు, తంగేడు, బంతి ఒక్క వారం పడేవి, మురుగు 365 రోజులు పడేది. రెండింటినీ ఒక గాటన కట్టకండి. చేయాల్సింది ఒక్కటే, సద్దుల తెల్లారి పద్మాక్షి గుండం దగ్గరైనా, మీ కాలనీ కుంట దగ్గరైనా, పూలు కుళ్లకముందే వలతో తీసి కంపోస్ట్‌కు వేయడం.

కొలవడం, అడగడం

కొలవకుండా అడిగితే ఎవరూ వినరు. ఇంట్లో ఉన్న తెల్లటి పళ్లేనికి తాడు, బరువు కట్టి చెరువులో మెల్లగా దించండి, కనిపించకుండా పోయిన లోతు రాసుకోండి. నెలకోసారి, అదే చోట, పొద్దున పది పదకొండు గంటలకు. నాచు పెరిగేకొద్దీ ఆ లోతు తగ్గుతూ వస్తుంది. వానకు మట్టి నీళ్లు వచ్చినప్పుడూ తగ్గుతుంది, కాబట్టి వాన పడిందా లేదా కూడా పక్కన రాయండి. చేపల తొట్టెల షాపుల్లో అమ్మే కిట్లతో అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్ ఉజ్జాయింపుగా తెలుస్తాయి. కరిగిన ఆక్సిజన్‌ను తెల్లవారుజామునే కొలవాలి, లీటరుకు నాలుగు మిల్లీగ్రాములకన్నా తగ్గితే చేపలకు కష్టం మొదలైనట్టు. మత్స్యకార సంఘం వాళ్లను తప్పకుండా కలుపుకోండి, నీళ్ల వాసన మారిందంటే వాళ్లకే ముందు తెలుస్తుంది. ఎన్ఐటీ, కాకతీయ యూనివర్సిటీ విద్యార్థులను ప్రాజెక్ట్ పని కింద నాలా వెంట శాంపిళ్లు తీయమని అడగండి. నాలా మొదలు, మధ్య, చివర మూడు చోట్ల తీస్తే మురుగు ఎక్కువగా ఏ కాలనీ దగ్గర కలుస్తోందో బయటపడుతుంది.

అప్పుడు సోమవారం ప్రజావాణికి పోండి. "చెరువు కాపాడండి" అని రాసిన అర్జీ ఫైల్లోకి పోతుంది. ఒక్కో అర్జీలో ఒక్కో పని రాయండి: ఫలానా గల్లీలో ఇన్ని ఇళ్ల ట్యాంకులు మూడేళ్లుగా తోడలేదు, ఒకే వారంలో వరుసగా తోడించే షెడ్యూల్ వేయండి. ఫలానా చోట మోరి తీసిన రోజే బురద ఎత్తించండి. ఫలానా నాలా చెరువులో కలిసే చోట బురద దిగే కుంటకు ఎస్టిమేట్ వేయండి. నగరంలోని మురుగు శుద్ధి కేంద్రాల నెలవారీ రిపోర్టుల్లో మొత్తం నత్రజని, భాస్వరం అంకెలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద వేరే దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ అంకె అసలు కొలవడమే లేదని జవాబు వస్తే, ఆ కాగితాన్నే తర్వాతి అర్జీకి జతచేసి, ఈ నెల నుంచి కొలవమని అడగండి.